స్తోయ్‌కా మిలానోవా: 1967 బ్రస్సెల్స్ పోటీలో రెండో పేరు

ఫిడేలు_శీను

పాశ్చాత్య వయొలిన్ వినేవాళ్ళు ఈ వేదికలో నలుగురైదుగురు ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నా.

బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ, అందులో 1967 వయొలిన్ ఫలితాలు తీసి చూడండి. మొదటి బహుమతి ఫిలిప్ హిర్ష్‌హార్న్. మూడోది గిడాన్ క్రెమర్. వీళ్ళిద్దరి గురించీ కావలసినంత దొరుకుతుంది. మధ్యలో ఉన్నది బల్గేరియా అమ్మాయి స్తోయ్‌కా మిలానోవా. అప్పటికి ఆవిడకి ఇరవై ఒక్కేళ్ళు. ఆ రోజున క్రెమర్ కంటే పైన నిలిచిన మనిషి పేరు ఇక్కడ ఎవరూ ఎత్తగా నేను చూడలేదు. ఆవిడ వాయించిన రష్యా స్వరకర్త ప్రొకోఫియెవ్ కాన్‌చెర్టోలు (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే రచనలు) విన్నాక ఇక ఊరుకోలేకపోయా. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

పాతరికార్డుల_మూర్తి

శీనూ, మంచి పేరు తీశావు.

1945 ఆగస్టు 5న ప్లోవ్‌దివ్‌లో పుట్టింది. సోఫియా తర్వాత బల్గేరియాలో పెద్ద నగరం అదే. నాన్న ట్రెండాఫిల్ మిలానోవ్ వయొలిన్ మేష్టారు. మామూలు మేష్టారు కాదు, పసిపిల్లలకి వయొలిన్ నేర్పడానికి సొంతంగా ఒక పద్ధతి తయారుచేసుకున్నవాడు. కూతురికి మూడో ఏటే ఫిడేలు చేతికిచ్చాడు. పునాది అంతా ఇంట్లోనే పడింది.

1964లో మాస్కో కన్సర్వేటరీకి వెళ్ళింది. గురువు సోవియట్ వయొలిన్ దిగ్గజం డేవిడ్ ఓయిస్ట్రాఖ్. 1969 దాకా ఆయన దగ్గరే. చదువు మధ్యలోనే, 1967లో, బ్రస్సెల్స్ పోటీ. చదువు ముగిసిన మరుసటి ఏడు, 1970లో, లండన్‌లో కార్ల్ ఫ్లెష్ పోటీలో మొదటి బహుమతి. అక్కణ్ణుంచి ఇంగ్లండులో కచేరీలు, రేడియో, తర్వాత మిగతా దేశాల పర్యటనలు.

రికార్డులు ఎక్కువ భాగం బల్కాన్‌టోన్‌వి. అంటే బల్గేరియా ప్రభుత్వ రికార్డు కంపెనీ. 1950లలో మొదలైంది. నువ్వు విన్న ప్రొకోఫియెవ్ రెండు కాన్‌చెర్టోలూ అందులోవే, బల్గేరియన్ రేడియో సింఫనీతో, వసిల్ స్టెఫానోవ్ నిర్వహణలో. బ్రామ్స్ సొనాటాలు (వయొలిన్, పియానో జంటగా వాయించేవి) పియానిస్టు దోరా మిలానోవాతో చేసింది.

---

రాధిక_సీటెల్

మూర్తిగారూ, పియానిస్టు రాదు లుపుతో కలిసి కచేరీలు చేసింది కూడా ఈవిడేనా?

---

పాతరికార్డుల_మూర్తి

ఆవిడేనమ్మా. లుపు 1969లో లీడ్స్ పియానో పోటీ గెలిచాడు, ఈవిడ మరుసటి ఏడాది లండన్‌లో గెలిచింది. ఇద్దరూ మాస్కో కన్సర్వేటరీలో చదివినవాళ్ళే, ఒకరిది రుమేనియా, ఒకరిది బల్గేరియా, డాన్యూబ్ నదికి ఆ గట్టూ ఈ గట్టూ. మాల్కమ్ ఫ్రేగర్‌తో కూడా జంటగా వాయించింది. ఆయన అమెరికన్, 1960లో అదే బ్రస్సెల్స్ పోటీ పియానో విభాగంలో మొదటివాడు. ఇలాంటి పియానిస్టులు పక్కన కూర్చున్నారంటే ఆవిడ స్థాయి ఏమిటో వేరే చెప్పాలా?

---

న్యాయంగా_మాట్లాడదాం

అందరూ పొగుడుతున్నారు, ఒక చేదు మాట నేనంటా. ఓయిస్ట్రాఖ్ ఆ పోటీకి జ్యూరీలో కూర్చునేవాడు. శిష్యురాలికి రెండో బహుమతి. అది ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో, తూర్పు దేశాలన్నీ పోటీలని ఒలింపిక్స్‌లా చూసే కాలం. నాకైతే ఆ బహుమతుల మీద గురి లేదు.

---

ఫిడేలు_శీను

సార్, క్రెమర్ కూడా ఓయిస్ట్రాఖ్ శిష్యుడే. మూడో స్థానంలో ఉన్నాడు. మొదటి బహుమతి పొందిన హిర్ష్‌హార్న్ ఆయన శిష్యుడే కాదు, లెనిన్‌గ్రాడ్‌లో మిఖాయిల్ వైమన్ దగ్గర చదివినవాడు. గురువుగారు సొంత మనుషుల కోసం చక్రం తిప్పాడంటే ఫలితం ఇలా వస్తుందా?

---

చెవిటి_బీథోవెన్

పైగా ఆ ఏడాది హిర్ష్‌హార్న్ ఫైనల్లో వాయించిన పగనీనీ మొదటి కాన్‌చెర్టో రికార్డింగ్ ఉంది. విన్నారా? జ్యూరీలో ఎవరున్నా దానికి మొదటి బహుమతి ఇవ్వకుండా ఉండలేరు. దాని పక్కన నిలబడి రెండోది తెచ్చుకోవడమంటే ఆషామాషీ కాదు.

ఆ పోటీ ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళకి కొంచెం చెప్తా. బెల్జియం రాణి ఎలిజబెత్ తనే వయొలిన్ వాయించేది, బెల్జియం వయొలిన్ విద్వాంసుడు యూజీన్ ఇజాయ్ దగ్గర నేర్చుకుంది. ఇజాయ్ పేరు మీద 1937లో మొదటి వయొలిన్ పోటీ పెట్టారు. అందులో గెలిచింది ఎవరనుకున్నారు, కుర్ర ఓయిస్ట్రాఖ్. యుద్ధం అయ్యాక 1951లో రాణి పేరుతో మళ్ళీ మొదలైంది, ఆ ఏడాది లియోనిద్ కోగన్ గెలిచాడు. తర్వాత ఆ రోజుల్లో నాలుగేళ్ళకోసారి వయొలిన్ వంతు వచ్చేది: 1955, 1959, 1963, 1967. రాణి 1965లో పోయింది కాబట్టి 1967ది ఆవిడ లేకుండా జరిగిన మొదటి వయొలిన్ పోటీ.

అసలు పరీక్ష ఫైనల్‌కి ముందు వారం. ఫైనల్‌కి చేరిన పన్నెండు మందినీ వాటర్లూ దగ్గర సంగీత చాపెల్ అనే భవనంలో పెడతారు. బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు, గురువుతో మాట్లాడ్డానికి వీల్లేదు. అచ్చులోకి రాని ఒక కొత్త కాన్‌చెర్టో స్వరపత్రం చేతిలో పెట్టి వారం రోజులిస్తారు. ఎవరూ వాయించగా వినని రచన. వేళ్ళు ఎక్కడ పెట్టాలి, కమాను ఎక్కడ తిప్పాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అన్నీ ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. ఆపైన బ్రస్సెల్స్ వచ్చి ఆర్కెస్ట్రాతో వాయించాలి. గురువుగారి నీడలో బతికేవాళ్ళెవరో సొంత బుర్ర ఉన్నవాళ్ళెవరో ఆ వారంలో బయటపడిపోతుంది. కాబట్టి "శిష్యురాలు కాబట్టి ఇచ్చారు" అనే మాట ఈ పోటీ విషయంలో నిలబడదని నా అభిప్రాయం.

---

న్యాయంగా_మాట్లాడదాం

సరే, బహుమతి న్యాయంగానే వచ్చిందనుకుందాం. మరి ఆ తర్వాత ఏమైంది? క్రెమర్ ప్రపంచమంతా తెలుసు. ఈవిడ తెలియదు. జనం చెవులు అబద్ధం చెప్పవు కదా.

---

పాతరికార్డుల_మూర్తి

జనం చెవుల దాకా రావాలి కదయ్యా ముందు!

ముగ్గురి దారులూ చూడు. క్రెమర్ 1969లో జెనోవాలో పగనీనీ పోటీ, 1970లో మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీ, రెండూ గెలిచాడు. 1980కల్లా పశ్చిమానికి వెళ్ళిపోయాడు. 1981లో ఆస్ట్రియాలో లోకెన్‌హౌస్ సంగీత ఉత్సవం పెట్టాడు, 1997లో సొంతంగా క్రెమెరాటా బాల్టికా అనే యువ ఆర్కెస్ట్రా కట్టాడు. కొత్త స్వరకర్తల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించాడు. పెద్ద పెద్ద పశ్చిమ కంపెనీలు ఆయన రికార్డుల్ని ప్రతి దేశంలోనూ దుకాణాలకి చేర్చాయి.

హిర్ష్‌హార్న్ మొదటి బహుమతి పొంది కూడా స్టూడియో రికార్డులు బొత్తిగా తక్కువ. 1973లో సోవియట్ దేశం వదిలాడు, బ్రస్సెల్స్‌లో స్థిరపడ్డాడు, పాఠాలు చెప్పాడు. జనీన్ యాన్సెన్ ఆయన దగ్గర నేర్చుకున్నదే. 1996లో యాభై ఏళ్ళకే పోయాడు. ఈ రోజు ఆయన పేరు నిలిచిందంటే జనం దాచిన రేడియో రికార్డింగుల పుణ్యం.

మిలానోవా? బల్గేరియా కళాకారిణిగానే ఉండిపోయింది. బల్కాన్‌టోన్ వేసిన రికార్డు లండన్‌లోనో పారిస్‌లోనో అమ్మాలంటే అక్కడి కంపెనీ ఏదో లైసెన్సు తీసుకుని వేయాలి. వేస్తే వేసింది, లేకపోతే లేదు. పర్యటనలు కూడా ప్రభుత్వ కచేరీ సంస్థ చేతుల్లోనే. వాయింపులో లోటేమీ లేదు, దుకాణం అరలో చోటు దొరకలేదు. నా మటుకు నాకు ఇది సూర్యుడంత స్పష్టం.

---

రాధిక_సీటెల్

పూర్తిగా ఒప్పుకోను మూర్తిగారూ. ఓయిస్ట్రాఖ్ కూడా ప్రభుత్వ సంస్థ అనుమతితోనే తిరిగాడు, ఆయన రికార్డుల్లోనూ చాలా ప్రభుత్వ కంపెనీవే. ఆయనకి అడ్డు రాని సరిహద్దు ఈవిడకే వచ్చిందా? క్రెమర్‌కి ఉన్న మరో గుణం ఏమిటంటే ఆగి ఉండకపోవడం. ష్నిట్కె దగ్గర్నుంచి పియాజొల్లా దాకా కొత్త స్వరకర్తల్ని పట్టుకుని ఎవరూ వాయించని చోటికి వెళ్ళాడు. మిలానోవా జాబితా చూస్తే బ్రామ్స్, ఫ్రాంక్, గ్లజునోవ్, ప్రొకోఫియెవ్. అందరూ వాయించేవి. అద్భుతంగా వాయించడం వేరు, జనం మాట్లాడుకునేలా చేయడం వేరు.

---

పాతరికార్డుల_మూర్తి

రాధికమ్మా, ఓయిస్ట్రాఖ్ వెనక ఉన్నది సోవియట్ దేశం. అక్కడి ప్రభుత్వ కంపెనీ మెలోదియా రికార్డుల్ని పశ్చిమ కంపెనీలు ఎగబడి కొనేవి. చిన్న బల్గేరియా కోసం ఎవరు ఎగబడతారు? కొత్త స్వరకర్తల సంగతి మాత్రం నువ్వన్నది నిజమే.

---

తాళప్రియ

నేను కర్ణాటకం మనిషిని, పాశ్చాత్యం తక్కువ. కానీ ఈ చర్చ చూసి బల్గేరియా సంగీతం వినడం మొదలుపెట్టి ఆశ్చర్యపోయా.

వాళ్ళ జానపద నృత్యాల్లో రుచెనిత్సా అని ఒకటుంది. ఏడు లెక్క. 2+2+3. మన మిశ్ర చాపు 3+4 కదా, దాన్ని తిప్పేసి 4+3 వేస్తే విలోమ చాపు. శ్యామశాస్త్రిగారు ఇష్టపడ్డ నడక. రుచెనిత్సా అచ్చం అదే, కాకపోతే పిడుగులా పరిగెత్తుతుంది. పైదుష్కో అని ఇంకోటి, అయిదు లెక్క, 2+3, అంటే మన ఖండ చాపు. కొపానిత్సా పదకొండు: 2+2+3+2+2. పెళ్ళిళ్ళలో పల్లెజనం వీటికి గొలుసు కట్టి ఆడేస్తారు, లెక్కపెట్టుకునేవాడే ఉండడు.

జర్మన్ కళాకారులకి ఏడు, పదకొండు చదువుకుని నేర్చుకోవలసినవి. ఈ బల్గేరియా పిల్లలకి కాళ్ళలోనే ఉంటాయి. మిలానోవా వాయింపులో లయ బిగువు గురించి మీరంతా చెప్పేదానికి మూలం ఇక్కడ లేదంటారా?

---

చెవిటి_బీథోవెన్

తాళప్రియ గారూ, ఆ వాదన వినడానికి బాగుంటుంది గానీ జాగ్రత్త. ప్లోవ్‌దివ్‌లో మేష్టారి ఇంట్లో స్కేళ్ళు, ఎట్యూడ్లతో పెరిగిన పిల్ల, తర్వాత అయిదేళ్ళు మాస్కోలో. ఆవిడ లయ ఓయిస్ట్రాఖ్ గదిలో దిద్దుకున్నది అనుకోవడానికే ఎక్కువ ఆధారం.

కానీ మీరన్న లయలు వయొలిన్ మీద వినాలంటే పాంచో వ్లాదిగెరోవ్ రచనలకి వెళ్ళండి. 1899లో జ్యూరిక్‌లో పుట్టి షుమెన్ ఊళ్ళో పెరిగాడు, బల్గేరియా సంగీతానికి పెద్దదిక్కు. కవలసోదరుడు ల్యుబెన్ వయొలిన్ విద్వాంసుడు, అందుకే పాంచోకి ఆ వాద్యం ఇంటి మనిషి. ఆయన "వర్దార్" రాప్సొడీ మొదట వయొలిన్, పియానోలకే రాసింది, ఆర్కెస్ట్రా తర్వాత వచ్చింది. మొదటి వయొలిన్ కాన్‌చెర్టో 1921లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో గుస్తావ్ హావెమన్ వాయించాడు, ఫ్రిట్స్ రైనర్ నిర్వహించాడు. బల్గేరియాలో పుట్టిన ఏ వయొలిన్ కళాకారుడూ వ్లాదిగెరోవ్‌ని దాటిపోలేడు, మిలానోవా కూడా.

---

తాళప్రియ

ఆధారం సంగతి ఒప్పుకుంటా, అనుమానం మాత్రం వదులుకోను :)

---

కొత్తగా_వింటున్నా

మీరు చెప్పేవన్నీ బాగున్నాయి, కానీ నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? కాన్‌చెర్టో అంటే అరగంట. ఏం వినాలో తెలియకపోతే నిద్రొస్తుంది, నిజం చెప్తున్నా.

---

ఫిడేలు_శీను

తమ్ముడూ, ప్రొకోఫియెవ్ మొదటిదాంతో మొదలుపెట్టు. ఇరవై రెండు నిమిషాల చిల్లర, అంతే. 1917లో రాసింది, 1923లో పారిస్‌లో మొదటిసారి వాయించారు. మామూలు కాన్‌చెర్టో వేగం, నెమ్మది, వేగం అని నడుస్తుంది. ఇది తిరగేసి ఉంటుంది: మొదటి భాగం నెమ్మది, మధ్యది పరుగు, చివరిది మళ్ళీ నెమ్మదికి దిగుతుంది.

మొదట్లో వయొలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యాలు) సన్నగా వణుకుతుంటాయి, వాటి మీద ఒంటరిగా వయొలిన్ ఎత్తుకుంటుంది. స్వరకర్త అక్కడ "కలగంటున్నట్టు" అని రాసుకున్నాడు. చాలామంది ఇక్కడ తీపి ఎక్కువ చేస్తారు. మిలానోవా చేయదు. గొంతు సన్నం చేసి నిటారుగా పాడుతుంది, వైబ్రాటో (వేలితో స్వరాన్ని ఊపడం) అవసరమైన చోటే. మధ్య భాగం మూడో నాలుగో నిమిషాలు, వెక్కిరింపు, గీరుడు, తీగ మీటుడు, కమాను గెంతులు. అక్కడ ఒక్క స్వరం కూడా మసకబారదు. చివరికి మొదటి పాట తిరిగి వస్తుంది, వయొలిన్ ఎక్కడో పైన ట్రిల్‌ల (రెండు పక్క స్వరాల వేగపు ఊగిసలాట) మీద తేలుతూ వెళ్ళిపోతుంది. చప్పట్ల కోసం రాసిన ముగింపు కాదు.

రెండోది 1935లో మాడ్రిడ్‌లో మొదటిసారి వినిపించింది. మొదట వయొలిన్ ఒక్కటే, ఆర్కెస్ట్రా నోరెత్తదు. నెమ్మది భాగంలో కింద తీగలు గడియారంలా మీటుతుంటే పైన పొడుగాటి పాట. ఆఖరి భాగంలో కాస్టనెట్లు (స్పెయిన్ నృత్యాల్లో టకటకలాడించే చెక్కలు) వినిపిస్తాయి, స్పెయిన్‌లో ఆడబోతున్నందుకేమో!

---

రాధిక_సీటెల్

శీనూ, ఒక మాట కలుపుతా. ఓయిస్ట్రాఖ్ ప్రొకోఫియెవ్‌కి దగ్గరి స్నేహితుడు. ఫ్లూట్ సొనాటాని వయొలిన్‌కి మార్చమని ప్రొకోఫియెవ్‌ని అడిగి చేయించింది ఆయనే, రెండో సొనాటా అలా పుట్టింది. మొదటి సొనాటా ఆయనకే అంకితం, 1946లో తొలిసారి వాయించింది ఆయనే. కాబట్టి ఆ తరగతిలో ప్రొకోఫియెవ్ నేర్చుకోవడమంటే రచయిత పక్కనే కూర్చుని సందేహాలు తీర్చుకున్న మనిషి దగ్గర నేర్చుకోవడం. ఆవిడ ప్రొకోఫియెవ్‌కి ఆ ధీమా అక్కణ్ణుంచే వచ్చిందనుకుంటా. బ్రామ్స్‌లో నాకు అంత కనిపించదు, అందంగా ఉంటుంది, అంతే.

---

పాప_అమ్మ_హైదరాబాద్

ఇంతమంది తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి స్వార్థంతో ఒక ప్రశ్న. మా పాపకి నాలుగో ఏడు. మూడేళ్ళకే ఫిడేలు చేతికిచ్చారంటే నమ్మకం కుదరడం లేదు. అంత చిన్న పిల్ల ఎలా పట్టుకుంటుంది? మా అమ్మ కర్ణాటకం నేర్పిద్దామంటుంది, ఆయన పాశ్చాత్యం అంటారు. రెండూ ఒకేసారి కుదురుతాయా?

---

తాళప్రియ

అమ్మా, పిల్లల ఫిడేళ్ళు వేరే ఉంటాయి. పదహారో వంతు, పదో వంతు, ఎనిమిదో వంతు, నాలుగో వంతు అని పేర్లు. పేరుకే వంతులు, పదహారో వంతు అంటే పొడుగులో పదహారో భాగం కాదు, అగ్గిపెట్టెంత వస్తుందని భయపడకండి. చెయ్యి చాపితే ఫిడేలు తల అరచేతిలోకి రావాలి, మేష్టార్లు అలా కొలుస్తారు.

రెండూ కలిపే విషయం. పాశ్చాత్యంలో నిలబడి, గడ్డం కింద పట్టి వాయిస్తారు, తీగల శ్రుతి జి, డి, ఎ, ఇ. మనం కింద కూర్చుని ఫిడేలు తలని కుడి కాలి చీలమండ మీద ఆనిస్తాం, శ్రుతి స, ప, స, ప. ఆ కూర్చోవడం వల్లే ఎడమ చేతికి వాద్యాన్ని మోసే పని ఉండదు, తీగ మీద జారి గమకం పట్టగలుగుతుంది. నాలుగేళ్ళ పిల్లకి ఈ రెండు అలవాట్లూ ఒకేసారి పెడితే రెండూ చెడతాయని నా అనుభవం. ఏదో ఒకటి రెండు మూడేళ్ళు సాగనివ్వండి. అమ్మమ్మా నాన్నా మధ్య మీరే తేల్చుకోవాలి, అందులో నేను వేలు పెట్టను!

---

చెవిటి_బీథోవెన్

మూడేళ్ళ సంగతికి వస్తే, ఇంట్లో మేష్టారుండటం ఒక్కటే కారణం కాదు. ఆ కాలం బల్గేరియాలో ప్రతిభ ఉన్న పిల్లల్ని ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో వేసేవాళ్ళు. లెక్కలు, భూగోళం పక్కనే వాద్యం కూడా పాఠ్యాంశం. సోఫియాలో ల్యుబొమిర్ పిప్కోవ్ పేరుతో ఉన్న పాఠశాల, ప్లోవ్‌దివ్‌లో దోబ్రిన్ పెత్‌కోవ్ పేరుతో ఉన్నది ఈ రోజుకీ నడుస్తున్నాయి. ఒక్క మిలానోవాతో ఆగలేదు కాబట్టే ఇది చెప్తున్నా. 1970లో ఆవిడ గెలిచిన కార్ల్ ఫ్లెష్ పోటీనే 1974లో మించో మించెవ్ గెలిచాడు, ఆయనా బల్గేరియావాడే. ప్రభుత్వం ఆయన చేతికి 1716 నాటి స్ట్రాడివేరియస్ కొనిచ్చింది. వియన్నా ఫిల్హార్మోనిక్‌లో మొదటి మహిళా కాన్సర్ట్ మాస్టర్ (ఆర్కెస్ట్రాలో వయొలిన్లకి నాయకత్వం వహించే కుర్చీ) ఆల్బెనా దనాయిలోవా, 2011 నుంచి, సోఫియా అమ్మాయి. ఆమ్‌స్టర్‌డాం కాన్‌సర్ట్‌గెబో ఆర్కెస్ట్రాలో ఆ కుర్చీలో కూర్చున్నది వెస్కో ఎష్కెనాజీ, ఆయనా బల్గేరియావాడే. తెలంగాణ, ఆంధ్ర కలిపితే వచ్చే జనాభాలో పదో వంతు కూడా లేని దేశం.

---

న్యాయంగా_మాట్లాడదాం

ఇదిగో, ఇప్పుడు చెప్పినది నాకు నచ్చింది. నా వాదన అదే: గొప్పతనం మనిషిది కాదు, వ్యవస్థది.

---

పాతరికార్డుల_మూర్తి

వ్యవస్థ వందమందిని తయారు చేస్తే వందమందీ రాదు లుపు పక్కన నిలబడ్డారా? నీతో వాదించి గెలవడం నా వల్ల కాదు గానీ, ఆ ప్రొకోఫియెవ్ మొదటి కాన్‌చెర్టో మధ్య భాగం ఒక్కటి విని వచ్చి మాట్లాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టదు.

---

రాధిక_సీటెల్

వెతికేవాళ్ళకి ఒక సూచన. ఇంగ్లీషు అక్షరాల్లో ఈవిడ పేరు ఒక్కో రికార్డు మీద ఒక్కో రకంగా రాశారు. బల్గేరియన్ రాసే సిరిలిక్ లిపిలో పేరు కాపీ చేసి వెతికితే బల్కాన్‌టోన్ పాత ఎల్‌పీల నుంచి ఎక్కించినవి దొరుకుతాయి. కొన్నిటిలో గీతల చప్పుడు ఎక్కువ.

---

కొత్తగా_వింటున్నా

శీనన్నా, విన్నా. నిద్ర రాలేదు. మధ్య భాగం మళ్ళీ పెట్టుకున్నా. రెండో కాన్‌చెర్టోలో కాస్టనెట్లు దొరకలేదు, ఎన్నో నిమిషం దగ్గర చూడాలి?

---

ఫిడేలు_శీను

మూడో భాగం మొదలవగానే చూడు, వయొలిన్ వెనకాల టకటకమంటుంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తప్పించుకోలేవు. ఆ తర్వాత వ్లాదిగెరోవ్ "వర్దార్" విని తాళప్రియ గారికి లెక్క అప్పజెప్పు, ఆవిడ ఎదురుచూస్తుంటారు.